సొర వచ్చింది

ఈ సంగతి ఎక్కడ చెప్పినా ఎవరో ఒకరు నవ్వి, "ఇదిగో, సొరకాయలు కోస్తోంది" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. కోతలైతే ఈ పిక్క మీద కుట్లు ఎక్కడినుంచి వచ్చినట్టు? పైగా ఈ కథలో సొరకాయలు నిజంగానే ఉన్నాయి. అదే కదా అసలు వచ్చిన చిక్కు!

నేను బీచ్‌లో గార్డుని. ఇసుకలో నాలుగు ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన గూడు ఒకటుంటుంది. పైన రేకు, లోపల ప్లాస్టిక్ కుర్చీ, బైనాక్యులర్, మైకు, ఒక మూల జెండాల కట్ట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందులో కూర్చుని నీళ్లలోకి దిగినవాళ్ల మీద అరవడం నా ఉద్యోగం. అరవడం నాకు పుట్టుకతో వచ్చింది, జీతమిచ్చి మరీ అరవమంటే కాదంటానా? మా ఆయన అదే బీచ్‌లో రెస్క్యూ బోటు నడుపుతాడు. నేను అరిస్తే ఆయన కదులుతాడు. ఇంట్లో కూడా అంతేనని మా అత్తగారు వీధంతా చెప్పుకుంటుంది.

మా అత్తగారికి అరవై దాటాయి. నేను ఎడమంటే ఆవిడ కుడి అంటుంది. కూరలో ఉప్పు సరిపోయిందంటే చప్పగా ఉందంటుంది, పోనీ కదా అని ఇంకాస్త వేస్తే "ఉప్పు కషాయం చేశావు" అంటుంది. గొడుగు పట్టుకెళ్లండి అన్నానంటే ఆ రోజు తప్పకుండా తడిసి వస్తుంది. ఒకరోజు వీధిలో ఈత క్లాసు బోర్డు చూసి, "ఈ వయసులో ఇదొకటి ఎందుకు నేర్చుకుంటారో జనం" అన్నాను, ఊరికే, నాలో నేను అనుకున్నట్టుగా. అంతే! మర్నాడు పొద్దున్నే టోపీ కొనుక్కుని చేరిపోయింది. నేను నోరు మూసుకుని ఉంటే ఆవిడ ఇవాళ్టికీ మోకాళ్ల లోతు దాటేది కాదు.

అది ఆడవాళ్ల క్లాసు. సరిగ్గా నా గూడు ఎదురుగా, లోతుకి హద్దుగా కట్టిన తాడుకి ఇవతల జరుగుతుంది. నేర్పే టీచరమ్మకి ప్లాస్టిక్ ట్యూబుల మీద నమ్మకం లేదు. ఎండిన సొరకాయ బుర్రలు రెండేసి జతగా కట్టి, నడుముకి బిగించి దింపుతుంది. మా డాబా మీద సొరపాదు ఉంది కాబట్టి కొత్త బుర్రలు తెచ్చివ్వడం మా అత్తగారి వంతైంది. కాయ ముదిరేదాకా కొయ్యనివ్వదు, ఎండాక చెవి దగ్గర ఊపి చూస్తుంది, లోపల గింజలు గలగలమంటేనే పనికొచ్చినట్టు. ఒక్క బుర్ర పగిలినా ఆ పూట మా ఇంట్లో ఎవరికీ సరిగా అన్నం పెట్టదు.

అలల్లో పడి ఆయాసపడుతూ సొరకాయ అని పూర్తిగా అనే ఓపిక ఎవరికుంది? వాళ్లు సొర అనేవాళ్లు. "నా సొర జారిందే", "సొర గట్టిగా కట్టు". ముడి ఊడి బుర్ర ఏదైనా తేలిపోతుంటే నేను పైనుంచి మైకులో, "సొర పోతోంది! సొర పోతోంది! ఎవరిదో చూసుకోండి!" అని అరిచేదాన్ని. కొత్తగా వచ్చిన ఓ కుటుంబం ఆ కేకకి సొరచేప అనుకుని పిల్లల్ని చంకనేసుకుని బయటికి పరిగెత్తింది. సంగతి తెలిశాక ఆ పిల్లల తండ్రి నన్ను అరగంట దులిపేశాడు. ఆ రోజే మా ఆయన అన్నాడు, "ఆ మాట మార్చవే బాబూ, ఏదో ఒకనాడు కొంప ముంచుతుంది."

"ఏమనమంటారు? ఆనపకాయ అననా? మైకులో అంత పొడుగు మాట పట్టద్దూ?" అన్నాను. నా నోటి దురుసు అలాంటిది. ఆనపకాయ అనే మాటే నాకు అలవాటై ఉంటే ఈ కథ లేదు, ఈ కుట్లూ లేవు.

ఆ రోజు క్లాసుకి పరీక్ష. బుర్రలు విప్పేసి, తాడు వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకి ఈదాలి. ముందురోజు వాన పడి కాలవ నీళ్లన్నీ సముద్రంలో కలిశాయి, అడుగు కనపడకుండా నీళ్లు మట్టిరంగు తిరిగాయి. దూరంగా పక్షులు గుంపుగా మునిగి లేస్తున్నాయి. పక్షులు అలా మునుగుతున్నాయంటే కింద చిన్న చేపలున్నట్టు. చిన్న చేపలుంటే వాటి వెనక పెద్దవి రావచ్చు. మాకు ట్రైనింగులో మొట్టమొదట చెప్పేది అదే. నేను పసుపు జెండా ఎగరేసి, మెట్లు దిగి వాళ్ల దగ్గరికి వెళ్లాను.

"టీచరమ్మా, నీళ్లు బాగాలేవు. పరీక్ష రేపటికి మార్చకూడదూ?"

"పక్షులు అంత దూరాన ఉన్నాయి కదమ్మా. మేం తాడు దాటం, నీ కళ్ల ముందే ఉంటాం" అంది టీచరమ్మ.

మా అత్తగారు మధ్యలో దూరింది. "రాత్రి కంటి మీద కునుకు లేకుండా గడిపాను ఈ పరీక్ష కోసం. మార్చడానికి ఇదెవరట?"

"సరే, దిగండి. ఆ గాజులు తీసెయ్యండి అత్తయ్యా. మెరిసేవి నీళ్లలో చేపపొలుసుల్లా కనపడతాయి, మంచిది కాదు."

"పెళ్లయినప్పట్నుంచీ తియ్యలేదు, నువ్వు చెబితే తీస్తానా?"

"పిన్నిగారూ, తీసెయ్యండి" అంది టీచరమ్మ. మా అత్తగారు వెంటనే తీసేసి టీచరమ్మ చేతికిచ్చింది! నా రక్తం ఉడికిపోయింది. ఇంకక్కడ ఉంటే నలుగురిలో గొడవ పడతానని గబగబా వచ్చి నా గూడెక్కాను.

పరీక్ష బాగానే మొదలైంది. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు ఈదుతున్నారు. మా అత్తగారు అందరికన్నా చివర, రబ్బరు టోపీ చెవుల కిందికి లాక్కుని, చెవుల్లో దూది పెట్టుకుని, కాళ్లతో టపటపా నీళ్లు కొడుతూ వస్తోంది. ఎంత తిట్టుకున్నా నాకు ముచ్చటేసింది. మొదటి వారం మొహం మీద నీళ్లు పడితేనే కెవ్వుమన్న మనిషి! ఒడ్డున విప్పి పడేసిన బుర్రల్లో ఒకటి అలకి కొట్టుకుపోయి తాడు దాటి తేలుతోంది. పోనీలే, తర్వాత మా ఆయన తెస్తాడని నేనేమీ అనలేదు.

ఇంతలో పక్షులు తాడు దగ్గరికి వచ్చేశాయి. చిన్న చేపలు నీళ్ల మీదికి చివ్వుచివ్వున ఎగురుతున్నాయి. బైనాక్యులర్ అటు తిప్పాను. తేలుతున్న బుర్రకి కొంచెం అవతల, నీళ్లలోంచి నల్లగా, నిటారుగా లేచిన ఒక చేప రెక్క! అల ఎటు పోతోందో దానితో పనిలేకుండా అడ్డంగా కోసుకుంటూ పోతోంది.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మాకు నూరిపోశారు. జంతువు పేరు మైకులో ఎత్తకూడదు, ఎత్తితే జనం తొక్కుకుంటారు. పొడుగ్గా విజిల్ వెయ్యాలి, రెక్క బొమ్మ ఉన్న ఎర్ర జెండా ఎగరెయ్యాలి, "అందరూ నెమ్మదిగా బయటికి రండి" అనాలి. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మరి నేను చేసిందేమిటి? మైకు నోటికి ఆనించుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చి, "సొర! సొర వచ్చింది! సొర!" అని అరిచాను.

నీళ్లలో ఒక్కరు కంగారు పడలేదు. ముందున్నావిడ నవ్వుతూ చెయ్యి ఊపింది, 'వినపడిందిలే' అన్నట్టు. ఇంకో ఇద్దరు అలవాటుగా తమ నడుములు తడుముకున్నారు. ఊపిరి కోసం తలెత్తిన మా అత్తగారికి ఆ మాట చెవిన పడింది, తాడు అవతలికి చూసింది. బుర్ర కనపడింది. తన పంట, తన సొత్తు! మరుక్షణం తాడు కిందనుంచి దూరి అటువైపు ఈత మొదలుపెట్టింది.

అప్పుడు వెలిగింది నాకు, నేనేం చేశానో! ఇన్నాళ్లూ నేనే నా నోటితో వాళ్లకి సొర అంటే బుర్ర అని నేర్పి పెట్టాను. విజిల్ వేశాను, జెండా లాగాను, "షార్క్! సొరచేప! షార్క్! బయటికి రండి!" అని గొంతు చించుకున్నాను. టీచరమ్మ గట్టి మనిషి. "నీళ్లు చిమ్మకండి! విడిపోకండి! అందరూ ఒకచోటికి రండి, మొహాలు సముద్రంవైపే పెట్టి వెనక్కి నడవండి!" అని ఆడవాళ్లని ఒక ముద్దగా చేర్చి వెనక్కి లాక్కొచ్చింది. ఒడ్డున ఉన్నవాళ్లు పిల్లల్ని లాక్కుంటున్నారు, కేకలు, ఏడుపులు. మా అత్తగారికి మాత్రం ఏమీ పట్టలేదు. టోపీ, దూది, తల నీళ్లలో. టపటపా టపటపా పోతూనే ఉంది. గాయపడిన చేప కొట్టుకున్నట్టే ఉంటుందా చప్పుడు. దేనికి వినపడకూడదో దానికే బాగా వినపడుతుంది.

వాకీటాకీ నొక్కాను. "ఏమండీ! షార్క్. అత్తయ్య తాడు దాటేసింది."

మా ఆయన బోటు బీచ్ ఆ చివరన ఉంది. జవాబుగా ఇంజను గీపెట్టిన చప్పుడు వినపడింది.

బోటు వచ్చేదాకా గార్డు నీళ్లలోకి దిగకూడదు. అదీ నిబంధనే. నేను మెట్లు దిగానో దూకానో గుర్తులేదు. గూటి కింద ఆనించి ఉన్న రెస్క్యూ బోర్డు లాగాను, దాని మీద బోర్లా పడి చేతులతో తెడ్లేసుకుంటూ పోయాను. ధైర్యమని ఎవరూ అనుకోవద్దు. దేవుడా, ఈ ఒక్కసారికి ఈవిణ్ణి ఒడ్డున పడెయ్యి, ఉప్పు ఎంతంటే అంతే వేస్తాను అని మొక్కుకుంటున్నాను.

తాడు దాటగానే అరిచాను. "అత్తయ్యా! ఆగండి! వెనక్కి రండి!"

ఆవిడ తలెత్తి చూసింది. "ఉండవే! అదుగో, అందుతోంది!"

"వద్దు! దాన్ని వదిలెయ్యండి! వచ్చెయ్యండి!"

వద్దన్నానా, ఇంక చూడండి, ఇంకాస్త ఊపందుకుంది. ఆవిడకి ముందు బుర్ర, బుర్రకి వెనక ఆ రెక్క. రెక్క ఈసారి తిన్నగా పోవడం లేదు, గుండ్రంగా తిరుగుతోంది. ఇంకో నాలుగు బారలు ఈదితే మా అత్తగారు ఆ సున్నాలో ఉంటుంది. ఏడుపొచ్చేసింది నాకు. ఈ మనిషి జన్మలో ఒక్కసారి నా మాట విని ఉంటే కదా, ఇప్పుడు వినడానికి!

అప్పుడు తట్టింది. వినదు కదా? అయితే వినకపోవడమే నాకు కావాలి!

"సరే అత్తయ్యా, వెళ్లండి! తొందరగా వెళ్లి పట్టుకురండి! తెచ్చి నా చేతికివ్వండి, ఊఁ, కానివ్వండి!"

టపటపా ఆగిపోయింది. ఆవిడ నీళ్లలో నిలువుగా తేలి, మెల్లగా నావైపు తిరిగింది. "ఏంటే? తెచ్చి నీ చేతికివ్వాలా? నేనేమన్నా నీ దగ్గర జీతానికున్నానా?"

"అంతే! మీరే తేవాలి!"

"నీ అబ్బ సొమ్మా! కావాలంటే నువ్వే పోయి తెచ్చుకో!" అని బుర్ర వదిలేసి, నన్ను తిడుతూ నా వైపే ఈదుకొచ్చేసింది. అబ్బబ్బ! పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టైంది. తిట్లు అంత తియ్యగా ఉంటాయని నాకు అంతకుముందు తెలియదు.

బోర్డు దగ్గరికి రాగానే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఎక్కండి."

"ఎక్కను. ఎక్కితే పరీక్ష పోతుంది."

"పరీక్ష గంగలో కలవనీ! ఎక్కండి అత్తయ్యా!"

ఆ మాటకి ఏదో అనబోయి, నా భుజం మీదుగా చూసి ఆగిపోయింది. రెక్క మా ఇద్దరి పక్కనుంచి, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా, చప్పుడు లేకుండా వెళ్లింది. దాని కింద నీళ్లలో పొడుగాటి నల్లటి ఒళ్లు, ఎంతకీ అవ్వలేదు.

"ఇదేంటే... బుర్ర కాదూ?"

"కాదు."

"మరి?"

"సొరచేప."

"ఆ ముక్క ముందు చెప్పి చావొచ్చు కదే!" అంది మా అత్తగారు.

బోర్డు ఇద్దర్ని మొయ్యదు. ఆవిణ్ణి దాని మీదికి తోసి, బోర్లా పడుకోబెట్టి, నేను నీళ్లలో అంచు పట్టుకున్నాను. "కాళ్లు కొట్టకండి. దానివైపే చూడండి. కళ్లు తిప్పామంటే వెనకనుంచి వస్తుంది." ఆవిడ కళ్లు తిప్పలేదు. రెక్క ఎటు తిరిగితే మేమిద్దరం అటు తిరుగుతూ, ఒడ్డువైపు కొంచెం కొంచెంగా జరుగుతున్నాం. బోటు చప్పుడు దగ్గరవుతోంది. అయిపోయింది, గండం గడిచిందని అనుకున్నాను.

రెక్క మునిగిపోయింది.

కనపడుతున్నంతసేపూ అంత భయం వెయ్యలేదు. ఇప్పుడు ఎటు చూడాలి? "ఏదే? ఏదే అది?" అంటోంది అత్తగారు. నా కాలిని ఎవరో తలుపు సందులో పెట్టి మూసినట్టైంది. నొప్పి తర్వాత తెలిసింది, ముందు తెలిసింది ఆ లాగుడే. మునిగాను. దాని కళ్లు, ముక్కు, చెంపల పక్కన మొప్పల చీలికలు, ఎక్కడ అందితే అక్కడ కొట్టాలని నేర్పారు. కళ్లు మూసుకుని పిడికిలితో కొట్టాను, గరుగ్గా దేనికో తగిలింది, ఇంకోసారి కొట్టాను, ఇంకోసారి. వదిలేసింది. నా మాంసం రుచించలేదో, నా దెబ్బకే పోయిందో నేను చెప్పలేను.

పైకి తేలేసరికి చుట్టూ నీళ్లు ఎర్రబడుతున్నాయి. బోర్డు కోసం చెయ్యి చాచాను, అందలేదు. ఒంట్లో శక్తి అంతా ఎవరో తోడేసినట్టు పోయింది. నోట్లోకి ఉప్పునీళ్లు వచ్చాయి. మునుగుతున్నాను. నలుగురిని నీళ్లలోంచి ఎలా లాగాలో తెలిసిన దాన్ని, నన్ను నేను లాక్కోలేకపోయాను.

అప్పుడు నా జుట్టు ముడి పట్టుకుని ఎవరో ఒక్క గుంజు గుంజారు!

మా అత్తగారు. బోర్డు దిగేసింది! ఆ నీళ్లలోకి, ఆ రక్తంలోకి, అది ఎక్కడుందో తెలియని చోటికి! ఒక చేత్తో బోర్డు, ఒక చేత్తో నా జుట్టు. ఆర్నెల్లుగా టీచరమ్మ ఎంత మొత్తుకున్నా రాని నిదానం అప్పుడు వచ్చింది ఆవిడకి. కాళ్లు పైకి లేవలేదు, నీళ్లు చిట్లలేదు, లోపల్లోపలే తన్నుతూ నన్ను లాక్కెళ్లింది. "మొహం పైకి పెట్టవే! కదిలావంటే చంపేస్తా! ఊపిరి తియ్యి! తియ్యవే, దిక్కుమాలినదానా!" అని నా చెవిలో ఒకటే తిట్లు. నేను ఊపిరి తీశాను.

బోటు వచ్చింది. తర్వాత మా ఆయన చెప్పాడు, దూరంనుంచి చూసేసరికి తల్లి పెళ్లాం జుట్టు పట్టుకుని ఈడుస్తోందట. "నీళ్లలో కూడా వదల్లేదా వీళ్లు" అని ఒక్క క్షణం అనుకున్నాడట. ఎరుపు చూశాక ఇంకేమీ అనుకోలేదట. ఇద్దర్నీ లోపలికి లాగి, తువ్వాలు మడిచి నా పిక్క మీద పెట్టి, "అమ్మా, దీన్ని నొక్కి పట్టుకో. నేను చెప్పేదాకా ఎత్తి చూడకు" అన్నాడు. ఆవిడ రెండు చేతులతో, ఒళ్లు బరువంతా వేసి నొక్కింది. నేను అరిచాను. అరిచినా వదల్లేదు.

ఒడ్డున మాకొక ప్రథమ చికిత్స గది ఉంది. ఇనుప మంచం, గోడకి ఫ్యాను, మందుల బీరువా. అక్కడే పడుకోబెట్టి నర్సు గట్టిగా కట్టు కట్టింది, ఆసుపత్రి బండి వస్తోందని చెప్పింది. గాయం ఎముక దాకా పోలేదంది. మా ఆయన గుమ్మంలో నిలబడి గోడ పట్టుకుని ఏడుస్తున్నాడు. ఆయన ఏడవడం నేను ఎన్నడూ చూడలేదు. మా అత్తగారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది, తడిబట్టలతోనే, కట్టు మీద చెయ్యి వేసి. తియ్యొచ్చని నర్సు చెప్పినా తియ్యలేదు.

సూపర్‌వైజరు వచ్చాడు. బతికామన్న సంతోషం ఒక్క నిమిషం, ఆ తర్వాత మొదలుపెట్టాడు. "షార్క్ ఉన్న నీళ్లలోకి బోటు లేకుండా గార్డు దిగకూడదని తెలుసా తెలియదా? నీకు ఏమన్నా అయ్యుంటే? దాన్ని అందరికన్నా ముందు చూసింది నువ్వే కదా! చూసి మరీ దిగుతావా?"

తల వంచుకున్నాను. ఆయన విసుక్కుంటూ బయటికి వెళ్లాక మా అత్తగారు నావైపు తిరిగింది.

"ఏమే. అదేంటో నీకు ముందే తెలుసా?"

"తెలుసు కదా అత్తయ్యా. నేనేగా అరిచింది."

"తెలిసే దిగావా?"

"తెలిసే దిగాను."

"బుద్ధుందా నీకు? కాస్తయినా బుద్ధుందా? నేను ముసలిదాన్ని, ఇవాళ కాకపోతే రేపు పోయేదాన్ని. నాకోసం దిగుతావా!" అంది. తిడుతోందనుకున్నాను. చూస్తే గడ్డం వణుకుతోంది.

"మరి మీరు? బోర్డు మీదనుంచి మీరు తెలిసే దిగారు కదా! మీకుందా బుద్ధి?"

"నా సంగతి వేరు."

"ఏం వేరు?"

"నాకున్నది ఒక్కత్తే కోడలు."

నాకు దుఃఖం పొంగుకొచ్చేసింది. అయినా ఓడిపోతానా? "నాకు మాత్రం నలుగురున్నారా అత్తలు?" అన్నాను, ఏడుస్తూనే.

ఆవిడ నోరు తెరిచింది. ఏమీ అనలేదు. నా మాటకి ఆవిడ దగ్గర జవాబు లేకపోవడం మా పెళ్లయ్యాక అదే మొదలు. మొహం గోడవైపు తిప్పుకుని, కట్టు మీద చెయ్యి ఇంకాస్త గట్టిగా అదిమింది.